ఏ తారో చెప్పి వేయండి

సంపాదకుడు గారికి,

మా ఊరి బస్టాండు రోడ్డు మళ్లీ వేస్తారట. ఐదేళ్లలో ఇది మూడోసారి. కిందటిసారి పని జరుగుతున్నప్పుడు అక్కడి సూపర్‌వైజర్‌ని "ఏ తారు వేస్తున్నారు బాబూ?" అని అడిగాను. "నల్లదే మాస్టారూ" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మే నెల వచ్చేసరికి బస్సులు ఆగేచోట ఆ నల్లది చపాతీ పిండిలా ముందుకు జరిగి గట్టు కట్టింది. చక్రాలు నడిచే దారిలో రెండు గాడులు పడ్డాయి. పాలబ్బాయి బండికి స్టాండు వేసి లోపలికెళ్లి వచ్చేలోపు ఆ స్టాండు తారులో దిగబడిపోయింది. బండి, రెండు క్యాన్లు, పాలు అన్నీ రోడ్డు మీదే. ఇప్పుడు అక్కడ బండి ఆపేవాళ్లు స్టాండు కింద పెంకు ముక్క పెడుతున్నారు. టీ కొట్టు ఆయన వాటిని ఒక బుట్టలో వేసి బయటే ఉంచాడు. ఆగస్టు వానలకు గుంతలు పడ్డాయి. ఒక పెళ్ల చేతిలోకి తీసుకుని విరిచి చూశాను. లోపలి కంకర కడిగి ఆరబెట్టినట్టు తెల్లగా ఉంది, తారు ఆనవాలే లేదు.

ఈ రెండూ ఒకే జబ్బు కాదు. మొదటిది ఎండకు తారు మెత్తబడడం. రెండోది తారు రాయికి పట్టకపోవడం. లెక్కలు చెప్పుకునే నాకు ఇదెలా తెలిసిందంటే, నా పాత శిష్యుడొకడు కంకర, తారు వేడిగా కలిపే హాట్‌మిక్స్ ప్లాంటులో పనిచేస్తాడు. పండక్కి వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగాను.

తారులో రకాలున్నాయి. పాత మేస్త్రీలు ఇప్పటికీ 'ఎయిటీ హండ్రెడ్', 'సిక్స్టీ సెవెంటీ' అంటుంటారు. అవి తారులోకి సూది ఎంత దిగుతుందో చూసి పెట్టిన అంకెలు. ఆ పరీక్ష చేసేది 25 డిగ్రీల దగ్గర. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్న జిల్లాలో మే నెల రోడ్డుకు 25 డిగ్రీలు ఎక్కడివి? గాలి 45 ఉంటే రోడ్డు పైభాగం 60 దాటుతుంది. అందుకే 2006లో భారత ప్రమాణాలు మార్చారు. ఇప్పుడు 60 డిగ్రీల దగ్గర తారు ఎంత చిక్కగా ఉందో కొలిచి వీజీ-10, 20, 30, 40 అని పేర్లు పెట్టారు. వీజీ అంటే విస్కాసిటీ గ్రేడ్, అంటే చిక్కదనాన్ని బట్టి రకం. అంకె పెరిగేకొద్దీ తారు గట్టిది. మన వేడికి మామూలు రోడ్లకు వీజీ-30 వాడతారు. లారీలు బరువుతో మెల్లగా నడిచేచోట, బ్రేకులు వేసేచోట, ఆగి నిలబడేచోట వీజీ-40. మెల్లగా నడిచే బరువే రోడ్డును ఎక్కువగా తొక్కుతుంది.

మా బస్టాండు రోడ్డు పొడవునా ఒకటే రకం వేశారు. రైతుబజారు సందుకూ, ఇసుక లారీలు మలుపు తిరిగే కూడలికీ ఒకటే మందు.

అయితే గట్టిది కదా అని ఊరంతా వీజీ-40 వేయమని అడగడం లేదు. అది ఇంకా వేడిగా రావాలి. వీజీ-30 మిశ్రమం పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలుండాలి, వీజీ-40 అయితే 150. రోలర్ పని వీజీ-30 అయితే 90, వీజీ-40 అయితే 100 డిగ్రీల కిందికి దిగకముందే అయిపోవాలి. ప్లాంటు దూరంగా ఉండి, లారీ మీద టార్పాలిన్ కప్పకుండా, రాత్రి చలిలో తెచ్చి పరిస్తే గట్టి తారే ముందు మొండికేస్తుంది. "అప్పుడు రోలర్ తొక్కదు మాస్టారూ, ఊరికే పైన తిరుగుతుంది" అన్నాడు మావాడు. అలాంటి రోడ్డులోకి నీళ్లు సులువుగా దిగుతాయి.

సరిగ్గా బస్సులు ఆగే యాభై అడుగులకు మాత్రం ఏ తారూ వద్దంటాను. అక్కడ రోజంతా డీజిల్ చుక్కలు పడుతుంటాయి. డీజిల్ తారును కరిగిస్తుంది. అంతమేర సీసీ, అంటే సిమెంటు కాంక్రీటు వేసి, మిగతాది తారు వేస్తే సరిపోతుంది.

ఈసారి ప్లాస్టిక్ రోడ్డు వేద్దామని కొందరు కౌన్సిలర్లు అంటున్నారట. మంచిదే. మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీలో ఆచార్య వాసుదేవన్ చూపిన పద్ధతి అది, ఆయనకు 2018లో పద్మశ్రీ కూడా వచ్చింది. వేడి కంకర మీద ముందు ప్లాస్టిక్ తురుము చల్లితే అది కరిగి రాయికి పూతలా పట్టుకుంటుంది, తర్వాత తారు కలుపుతారు. నీళ్లు రాయిని చేరకుండా ఆ పూత కాపాడుతుంది. కానీ ప్లాస్టిక్ శుభ్రంగా, పొడిగా ఉండాలి. పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్ కలవకూడదు. మా ఊరి డంపింగ్ యార్డులో సాంబారు కవర్లు, అరటి తొక్కలు, పైపు ముక్కలు అన్నీ ఒకే కుప్ప. వాటిని ఏరి, కడిగి, ఎండబెట్టేది ఎవరో ముందు చెప్పాలి.

రాయికి తారు పట్టడానికి ఇంకో దారి కూడా ఉంది. చాలామందికి తెలియదు. మన గ్రానైట్ కంకరకు తారు కన్నా నీళ్లంటేనే ప్రేమ. మిశ్రమంలో వేసే రాతిపొడిలో కొంత తగ్గించి, 2 శాతం దాకా చల్లార్చిన సున్నం పొడి వేస్తే పట్టు బాగా పెరుగుతుంది. రోడ్ల నిబంధనల్లోనే ఉన్న మాట ఇది. పిడుగురాళ్ల సున్నం బట్టీలు మాకు గంట ప్రయాణం! దేశమంతా పోయే సున్నం మా రోడ్డుకు మాత్రం రాదు.

పైపొర మిశ్రమంలో తారు బరువు 5 శాతం పైచిలుకే. ఖర్చులో మాత్రం దాని వాటా పెద్దది. మిగుల్చుకోవాలనే యావ కూడా అక్కడే పుడుతుంది. అందుకే పని మొదలయ్యే ముందు బస్టాండు దగ్గర ఒక బోర్డు పెట్టాలి. ఏ గ్రేడు తారు, ఎంత శాతం, ఎన్ని మిల్లీమీటర్ల మందం, సున్నం వేస్తున్నారా లేదా, ఎన్నేళ్లలోపు చెడితే కాంట్రాక్టరే బాగుచేయాలి అన్నవి తెలుగులో రాయాలి. రిఫైనరీ నుంచి తారు ట్యాంకర్ వచ్చినప్పటి ఇన్‌వాయిస్ నకలు మున్సిపల్ ఆఫీసులో అడిగినవాళ్లకు చూపించాలి. ప్రతి లోడు దిగేటప్పుడు థర్మామీటరు పెట్టి వేడి ఎంతో రాసుకోవాలి. ఆ పుస్తకం పట్టుకుని నిలబడడానికి మనిషి లేకపోతే నేను వస్తాను, రిటైరై ఇంట్లోనే ఉన్నాను.

టెండరు సంక్రాంతి తర్వాత అంటున్నారు. ఎస్టిమేట్ ఇంకా టేబుల్ మీదే ఉంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
పల్నాడు జిల్లా