ఆ రికార్డు రెండో వైపు

న్యూకాజిల్,
ఆదివారం రాత్రి

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. ఈ రోజు జరిగింది మాత్రం నీకు చెప్పకుండా నిద్రపోలేను.

హాస్టల్లో మెటాలికా క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాం, గుర్తుందా? 'బ్లిట్జ్‌క్రీగ్' మొదలవగానే నువ్వు పుస్తకం మూసేసేవాడివి. అది వాళ్ల సొంత పాట కాదు. ఇంగ్లండ్‌లో లెస్టర్ ఊరి కుర్రాళ్ల బృందం, దాని పేరూ బ్లిట్జ్‌క్రీగే, 1981లో ఒక సింగిల్, అదే ఒకటి రెండు పాటల రికార్డు, చేసింది. మొదటి వైపు 'బరీడ్ అలైవ్', రెండో వైపు మన పాట. 1984లో మెటాలికా కూడా దాన్ని 'క్రీపింగ్ డెత్' సింగిల్ రెండో వైపునే వేసింది. రెండుసార్లూ పెరటి గుమ్మం నుంచే వచ్చిందన్న మాట! మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ కుర్రతనంలో ఇలాంటి బ్రిటిష్ సింగిల్స్ వెతికి వెతికి పోగేసేవాడు. ఆ పిచ్చే లేకపోతే ఆ పాట మన గదిదాకా వచ్చేదా?

ఆ అసలు రికార్డును ఇవాళ చేతిలో పట్టుకున్నాను.

నెలకొక ఆదివారం మేం నలుగురం వాల్‌సెండ్‌లో ఒక పెద్దాయన ఇంట్లో కలుస్తాం. ఓడల కార్ఖానాలో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ సింగిల్ విడుదల చేసిన నీట్ రికార్డ్స్‌ది కూడా ఆ ఊరే. బూట్ల పెట్టెల నిండా ఏడంగుళాల రికార్డులు. పెద్ద కంపెనీలు పిలిచేదాకా ఆగకుండా, ఆ రోజుల్లో కుర్రాళ్లు తామే అచ్చు వేయించుకున్నారు. 1979లో డెఫ్ లెపర్డ్ బృందం తొలి రికార్డు మొదట వేసింది వెయ్యి కాపీలే. అదే ఏడాది ఐరన్ మెయిడెన్ బృందం 'సౌండ్‌హౌస్ టేప్స్' రికార్డు అయిదు వేలు.

ఆ 'సౌండ్‌హౌస్ టేప్స్' పోయిన ఏడాది నేను చాలా డబ్బు పోసి కొన్నాను. పెద్దాయన తన కాపీ పక్కన పెట్టి, రెండింటినీ దీపం కింద కాస్త వాల్చి చూపించారు. పాట ఉన్న గాడులు అయిపోయాక, లేబుల్‌కు ముందు నున్నటి అంచు ఉంటుంది కదా, అక్కడ సన్నగా గీసిన అక్షరాలుంటాయి. రెండింటి మీదా ఒకేలా లేవు. నాది నకిలీ. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. అప్పటినుంచి ఏది కొన్నా ముందు ఆ అంచే చూస్తున్నాను.

ఇవాళ 'బరీడ్ అలైవ్' అయిపోయాక ఆయన రికార్డు తిప్పారు. ముల్లు పడిన చిటపట, ఆ వెంటనే గిటార్. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మెటాలికా వాయించింది దీనికన్నా బరువుగా ఉంటుంది, నిజమే. కానీ ఇందులో ఒక తొందర ఉంది రఘూ, స్టూడియో అద్దె గంట దాటిపోతుందేమో అన్నట్టు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

బయల్దేరేటప్పుడు ఆయన ఇంకొకటి నా చేతిలో పెట్టారు. తెల్ల లేబుల్, పేరు లేదు, పెన్నుతో రాసిన ఒక అంకె మాత్రం ఉంది. ఇరవై ఏళ్లుగా ఎవరిదో తేలలేదట. ఇవాళ నలుగురం మూడుసార్లు విన్నాం. ఒకాయనకు గొంతు తెలిసినట్టు అనిపించింది, ఇంకొకరు డ్రమ్ములు విని కాదన్నారు. ఈ ఉత్తరం రాస్తూ రెండో వైపు మళ్లీ పెట్టాను. పాటకు ముందు ఎవరో మెల్లగా ఏదో అంటున్నారు, మనిషి పేరులా ఉంది. రేపు రికార్డు చేసి పంపిస్తాను. నీ చెవి నాకన్నా చురుకు. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక విని, ఏమని వినిపించిందో వెంటనే రాయి.

నీ
శ్రీను