కాంట్రాక్టర్ మారితే పీఎఫ్ నంబర్ ఎందుకు మారాలి?

ప్రాంతీయ భవిష్య నిధి కమిషనర్ గారికి,

పటాన్‌చెరు, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టర్ మారినా మనిషి అతనే, మెషీన్ అదే. పాత కాంట్రాక్టర్ పీఎఫ్ ఖాతాలో ఎగ్జిట్ తేదీ (పని మానేసిన తేదీ) వేయకుండా వెళ్లిపోతాడు. పాత యూఏఎన్‌లో, అంటే ఎక్కడ పనిచేసినా ఒకటే ఉండాల్సిన పీఎఫ్ నంబర్‌లో, ‘వెంకటేశ్వర్లు’, ఆధార్‌లో ‘వెంకటేశ్వరరావు’. కేవైసీ (గుర్తింపు ధ్రువీకరణ) అక్కడే ఆగుతుంది. సరిచేయించే ఓపిక లేక కొత్త కాంట్రాక్టర్ కొత్త నంబర్ తీస్తాడు. మీ నెలవారీ లెక్కల్లో ఆ పాత కార్మికుడే కొత్త సభ్యుడు!

నష్టమంతా పెన్షన్‌లోనే. కార్మికుడి వేతనంపై యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం, అంటే 15,000 వేతనంపై నెలకు 1,250 రూపాయలు, అందులోకే వెళ్తాయి. నెలనెలా పెన్షన్ రావాలంటే 10 ఏళ్ల సర్వీసుండాలి. ఒక నంబర్‌లో ఆరేళ్లు, ఇంకోదాంట్లో ఐదేళ్లు విడిగా పడుంటే అర్హత కనబడదు. విసిగిపోయినవాళ్లు ఫారం 10సీ పెట్టి డబ్బు తీసేసుకుంటారు, ఆ సర్వీసు పోయినట్టే. అదే ఫారంతో, డబ్బుకు బదులు పాత సర్వీసును నిలబెట్టే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చని చెప్పే నాథుడే లేడు.

చివరి చందా పడిన రెండు నెలలకు కార్మికుడే పీఎఫ్ వెబ్‌సైట్‌లో ఎగ్జిట్ తేదీ వేసుకోవచ్చంటారు. పేరే కలవనివాడికి ఆ పేజీ తెరుచుకుంటుందా?

కాంట్రాక్టర్ చివరి బిల్లు చెల్లించేముందు పీఎఫ్ కట్టిన చలాన్లతోపాటు ఎగ్జిట్ తేదీల జాబితా కూడా చూడాలని ఫ్యాక్టరీలకు ఉత్తర్వు ఇవ్వండి. కాంట్రాక్టు కార్మికుల చందాకు అసలు యజమానిదే, అంటే ఫ్యాక్టరీదే, బాధ్యతని 1952 పీఎఫ్ పథకంలోనే ఉంది. పేర్ల సవరణకు పారిశ్రామికవాడల్లోనే, ఆదివారాలు, శిబిరాలు పెట్టించండి; మిగతా రోజుల్లో వస్తే కూలి పోతుంది.