వాణిజ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఏ ఒప్పందాన్నీ చెల్లదనకూడదని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్ట సంఘం 1996లోనే నమూనా చట్టంలో చెప్పగా, ఎన్నో దేశాలు దాని ఆధారంగా తమ చట్టాలు రాసుకున్నాయి. చట్టం మారింది సరే, కార్యాలయాలు మారాయా? నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న యంత్రం పగిలి వస్తే, అమ్మకందారు వెబ్‌సైటు మీదికి, వెబ్‌సైటువారు రవాణాదారు మీదికి నెట్టేశారు. ఫిర్యాదు తీసుకెళితే, ముద్ర వేసిన కాగితం రసీదు తెమ్మన్నారు. అసలు అటువంటి రసీదే పుట్టని వ్యాపారమిది!

ఐరోపా సమాఖ్యలో, కొన్ని మినహాయింపులు పోను, ఆన్‌లైన్ కొనుగోలుదారు కారణం చెప్పకుండానే 14 రోజుల్లోగా సరుకు వద్దనవచ్చు. అటువంటి హక్కుతోపాటు, సొమ్ము పుచ్చుకున్న వెబ్‌సైటునే మొదటి జవాబుదారుగా నిలబెట్టే నిబంధన తేవాలనీ, ఆర్డరు ఈమెయిలును రసీదుగా స్వీకరించమని ఫిర్యాదుల కార్యాలయాలను ఆదేశించాలనీ మనవి చేసుకుంటున్నాను.

ఇట్లు,
ఒక వినియోగదారుడు