పుట్టుమచ్చలు కాదు సార్, మానని పుండ్లు చూపించుకోమనండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో చర్మ క్యాన్సర్ కేసులు ఏటేటా పెరిగిపోతున్నాయి, ఒంటి మీదున్న ప్రతి పుట్టుమచ్చనీ ఏడాదికోసారి డాక్టరుకి చూపించుకోండి అని వేశారు గదా, అది చదివి సోమవారం పొద్దున్నే మా వీధిలో ఇద్దరు ఆడవాళ్లు మా ఇంటికొచ్చేసి మెడలూ చేతులూ చూపించి ఇది అదేనా అన్నా అని అడిగారు. నేను డాక్టర్ని కాను, నెల్లూరులో ఒక ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యి అల్లూరులో ఉంటున్నా. బయాప్సీకి, అంటే క్యాన్సరేమో చూడ్డానికి ఒంట్లోంచి తీసిన ముక్కని మైనంలో పెట్టి పల్చగా కోసి, రంగేసి, ఆ స్లైడు చూసి జబ్బేదో తేల్చే పెథాలజిస్టు మేడమ్ టేబుల్ మీద పెట్టడం వరకే నా పని. అయినా రాయాలనిపించింది, పొడుగైతే మీరే కత్తిరించుకోండి.

కేసులు పెరగడం వేరు, జబ్బు పెరగడం వేరు సార్. అమెరికాలో మెలనోమా, అంటే నల్లమచ్చలా లేచే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్, నలభై ఏళ్ల కిందటితో పోలిస్తే ఆరు రెట్లు ఎక్కువగా బయటపడతా ఉందని గిల్బర్ట్ వెల్ష్ అనే అమెరికా డాక్టరు ఇంకో ఇద్దరితో కలిసి 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో రాశారు, కానీ దాంతో చనిపోయేవాళ్ల లెక్క మాత్రం ఇంచుమించు ఉన్నచోటే ఉంది, కొత్త మందులొచ్చాక ఇంకొంచెం తగ్గింది గూడా. నిజంగా జబ్బే ఆరు రెట్లయితే చావులు కదలకుండా ఎట్టుంటాయి? ఆ వెల్షే అంతకుముందు 65 దాటినోళ్ల లెక్కలు తీశాడు, 1986 నుంచి 2001 లోపల చర్మం ముక్కలు తీయడం రెండున్నర రెట్లు పెరిగితే మెలనోమా కేసులు 2.4 రెట్లు పెరిగాయంట, అంటే రెండూ జోడెద్దుల్లా నడిచాయి. వల కన్ను చిన్నది చేస్తే పిత్తపరిగెలు గూడా పడతాయి, అంతమాత్రాన చెరువులో చేప పెరిగిందంటామా. దక్షిణ కొరియాలో థైరాయిడ్‌కి స్కానింగులు మొదలుపెట్టాక 1993 నుంచి 2011కి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు పదిహేను రెట్లయ్యాయి, చావులు మాత్రం అట్నే ఉన్నాయి. వేలమంది గొంతులోని థైరాయిడ్ గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు.

పైగా మైక్రోస్కోపు కింద అన్నీ తెల్లగా నల్లగా కనపడవు. మంచి మచ్చ అయితే అందరూ మంచిదే అంటారు, బాగా ముదిరింది అయితే అందరూ క్యాన్సరే అంటారు, మధ్యరకమే తలనొప్పి. 2017లో అమెరికాలో 187 మంది పెథాలజిస్టులకి స్లైడులిచ్చి చూస్తే ఆ మధ్యరకం వాటిల్లో సగంసార్లు గూడా మాట కలవలేదు. మా మేడమ్ కూడా ఒక్కో స్లైడు రెండు రోజులు పక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ చూసేది, తప్పిపోతే రేపు మన మీదకొస్తుంది గదా అని ఏ డాక్టరుకైనా భయం ఉంటది, అప్పుడు కలం ఎటు మొగ్గుతుందో మీరే చెప్పండి. మా అన్న కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, వాడికి వీపు మీద మచ్చలు రెండు తీశారు, ఒకదానికి అనుమానంగా ఉందని ఇంకా లోతుగా తీశారు. చివరికేమీ లేదు. ఆర్నెల్లు వాడికీ నిద్రలేదు, ఇక్కడ మా వదినకీ లేదు.

అట్లని చర్మ క్యాన్సర్ ఒట్టిదే అనుకునేరు, అది నేను చెప్పట్లేదు. మన రంగు వాళ్లకి మెలనోమా తక్కువ, వస్తే ఎక్కువగా అరికాల్లోనో అరచేతిలోనో గోరు కిందో వస్తుంది. ఆటోల వెనక బొమ్మేసుకుంటారే జమైకా పాటగాడు బాబ్ మార్లే, ఆయనకి కాలి బొటనవేలి గోరు కిందే వచ్చింది, 1977లో తెలిసింది, 1981లో 36 ఏళ్లకే పోయాడు. ఇంకో రకం చర్మ క్యాన్సర్ పాత కాలిన మచ్చల్లో వచ్చేది, డాక్టర్లు మార్జోలిన్ అల్సర్ అంటారు. అది మా ఇంట్లోనే చూశా. మా పెద్దమ్మ ఇస్కపల్లి ఉప్పుమళ్లల్లో పనిచేసేది, పెళ్లైన కొత్తలో వడ్లు ఉడకేసిన గంగాళం తిరగబడి పిక్క కాలింది. నలభై ఏళ్లకి ఆ మచ్చలోనే చిన్న పుండు లేచింది. ఉప్పునీళ్లు తగిలి మానట్లేదులే అంది. ఊళ్లో డాక్టరు ఆయింట్‌మెంట్ ఇచ్చాడు, తర్వాత ఇంకోటి ఇచ్చాడు, రెండేళ్లు ఇస్తానే ఉన్నాడు. నేను ల్యాబ్‌లో రోజూ ఊరోళ్ల ముక్కలు కోస్తా ఉండి మా పెద్దమ్మ కాలికి కట్టిన గుడ్డ ఒక్కసారి విప్పి చూడలేదు. వాసనొచ్చాక తీసుకొస్తే "ఏందిరా అబ్బయా, పుండుకి గూడా పరీక్షా" అంది. మోకాలి కింద తీసేశారు. ఇంకా నాలుగేళ్లు బతికింది, కర్రతో.

ఆమె ముక్క నేనే కోశా.

అందుకే అడిగేది ఏందంటే, ఇంటింటికీ ఏఎన్ఎం అమ్మలు వచ్చి బీపీ, షుగరు, నోరు, రొమ్ము అడుగుతున్నారు, కుష్ఠు సర్వేలో స్పర్శ లేని మచ్చలు చూస్తున్నారు, అప్పుడే "నెల దాటినా మానని పుండుందా, కాలిన మచ్చలో ఏమన్నా లేచిందా, అరికాలు చూపించు" అని ఇంకో మాట అడిగితే సరిపోతుంది గదా. ఖర్చేముంది. ఊరందరి పుట్టుమచ్చలూ లెక్కపెట్టే క్యాంపులు పెడితే మాత్రం వచ్చే ఏడాది మీరు మళ్లీ కేసులు పెరిగాయనే వేస్తారు, పెరుగుతాయి గూడా.

ఇంకొక్క మాట, ఆ వార్తకి ఎవరో దొరసాని వీపు మీద భూతద్దం పెట్టిన ఫోటో వేశారు. ఈసారి వేస్తే మన ఉప్పుమళ్లల్లోనో రొయ్యల గుంటల కాడో పనిచేసేవాళ్ల అరికాలు ఫోటో వేయండి సార్, మా వీధి ఆడవాళ్లు మెడ వదిలేసి కాళ్లు చూసుకుంటారు.

ఇట్లు,
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
అల్లూరు, నెల్లూరు జిల్లా