జిమ్మీ చెప్పిందా, నేననుకున్నానా?

అల్లూరు

ఒరే శీనూ,

పోయినసారి వచ్చినప్పుడు "కుక్క మనతో ఏం చెబుద్దిరా, బిస్కెట్ కోసం నాటకం" అన్నావు గుర్తుందా? అప్పుడు ఊరుకున్నా గానీ, మొన్న రాత్రి సంగతి నీకు చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

రొయ్యల గుంటల దగ్గర షెడ్లో పడుకున్నా. రెండింటప్పుడు అరచేతికి చల్లగా ఏదో తగిలింది. జిమ్మీ ముక్కు. "పోవే" అని పక్కకి తిరిగా. మళ్ళీ పొడిచింది. నేను కళ్ళు తెరిచేదాకా పొడుస్తానే ఉంది, తెరవగానే మానేసింది. ఇక నా మొహం చూడటం, మూడో గుంట వైపు చూడటం, మళ్ళీ నా మొహం. టార్చి తీసుకుని పోయి చూస్తే, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ ఆగిపోయి ఉంది! ఆ వేళప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోద్దని నీకు తెలిసిందే. ఇంకో గంట పడుకునుంటే రొయ్యలు తేలేవి.

దానికి ఏరేటరంటే తెలుసని నేననను. రోజూ వినే చప్పుడు ఆగితే టెన్షన్ పడుండొచ్చు. టెన్షనే అయితే అక్కడే నిలబడి మొరగొచ్చుగా? నన్ను లేపి, నేను చూస్తున్నానని తేలాకే గుంట వైపు చూడటమెందుకు?

ఇలాంటిదే 2000లో హంగరీ వాళ్ళు పరీక్షించారు. తిండి ఎక్కడ దాచారో కుక్కకి తెలుసు, యజమానికి తెలీదు. యజమాని వచ్చాక కుక్క ఆయన మొహాన్నీ, ఆ చోటునీ మార్చి మార్చి చూసింది. ఒంటరిగా ఉన్నప్పుడు అంత చూడలేదు. నీ బిస్కెట్ వాదానికి జవాబు 2017లో ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ వాళ్ళిచ్చారు. 24 కుక్కల్ని చూస్తే, మనిషి తమ వైపు తిరిగి ఉన్నప్పుడే మొహం ఎక్కువ కదిపాయి. చేతిలో తిండి ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు.

నేనూ నిన్న పరీక్ష పెట్టా. అన్నం తింటూ దానికి వీపు తిప్పి కూర్చున్నా. చుట్టూ తిరిగొచ్చి ఎదురుగా కూర్చుంది. అమ్మ నవ్వి, "అది నీకు చెప్పడం కాదురా, నీ చేత పని చేయించుకుంటా ఉంది" అంది. రెండింటికీ తేడా ఏందో నాకైతే అంతుబట్టలేదు.

ఇది రాస్తుంటే మళ్ళీ వచ్చింది. నా మొహం, అలమరలో బిస్కెట్ డబ్బా, నా మొహం. ఇది నీ వైపు సాక్ష్యమో, నా వైపో నువ్వే తేల్చు. ఒకటి పెట్టేసొస్తా.

నీ
రమణ