రోమా పిల్లవాడి లెక్క

బ్ర్నో, చెక్ రిపబ్లిక్

నాన్నగారికి నమస్కారాలు.

పోయినసారి ఫోనులో మా పక్కింటివాళ్లను 'జిప్సీలు' అన్నాను. తప్పు నాదే. ఇకమీదట ఆ మాట అనను, మీరూ అనకండి. వాళ్లు రోమాలు.

ఆదివారం పక్కింటి పెద్దావిడ మనవడి చేయి పట్టుకుని మెట్లెక్కుతున్నారు. వాడు మెట్టుకో అంకె చొప్పున గట్టిగా లెక్కపెడుతున్నాడు: యేఖ్, దుయ్, త్రిన్, ష్టార్, పాంజ్. కూరగాయల సంచీతో అక్కడే నిలబడిపోయాను. ఇన్నేళ్లు బడిలో హిందీ చెప్పిన మీరు ఆ క్షణం నా పక్కన ఉండాల్సింది! ఏడు దగ్గర మాత్రం లెక్క మారిపోయింది: ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా. ఇవి గ్రీకు అంకెలు. వీళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం వదిలి, పర్షియా, ఆర్మీనియాల మీదుగా గ్రీకు మాట్లాడే బైజాంటైన్ సామ్రాజ్యం చేరి, అక్కడ చాలాకాలం ఉన్నారు. దారిని కూడా గ్రీకు మాటతోనే 'ద్రోమ్' అంటారు. పది మళ్లీ మనదే, 'దెష్'.

నేను అడిగితే పెద్దావిడ ముక్కు తాకి 'నఖ్', చెవి తాకి 'కాన్' అన్నారు. నీళ్లు 'పాని'. మనిషి 'మనుష్'.

రోమ్ అంటే వాళ్ల భాషలో మగవాడు, భర్త. సంస్కృతంలో ఒక కులం పేరైన 'డోంబ' నుంచి వచ్చిందని పండితుల మాట. పశ్చిమాసియాలో ఇలాంటివాళ్లే 'దోమ్', ఆర్మీనియాలో 'లోమ్'. మీరు అడిగారు కదా, రుమేనియా పేరుకూ దీనికీ సంబంధం లేదు. ఈజిప్టు నుంచి వచ్చారని పొరబడి ఇంగ్లీషువాళ్లు జిప్సీలన్నారు. ఇక్కడివాళ్లు అనే 'త్సికాన్' మూలం గ్రీకు 'అథింగానోయి'. అర్థం, ముట్టరానివారు. అది తెలిసిన రాత్రి నాకు అన్నం సహించలేదు. మన ఊరి చివరి వాడ, అక్కడి బావి గుర్తొచ్చాయి.

ఈ ఊరికి ఉత్తరాన హొదొనీన్‌లో రెండో ప్రపంచ యుద్ధకాలంలో రోమాల కోసం నిర్బంధ శిబిరం ఉండేది. అక్కడినుంచి వాళ్లను నాజీల మరణ శిబిరం ఆష్‌విట్జ్‌కు పంపారు. చెక్ నేల మీది పాత రోమా కుటుంబాల్లో చాలామంది తిరిగి రాలేదు. పెద్దావిడ తల్లిదండ్రులు యుద్ధం తర్వాత స్లొవేకియా నుంచి వచ్చారట.

ఇక్కడ 1991లో పెట్టిన రోమా మ్యూజియం ఉంది. 1971లో లండన్ దగ్గర జరిగిన మహాసభ వాళ్ల జెండా ఖాయం చేసింది: పైన నీలం, కింద ఆకుపచ్చ, నడుమ ఎర్ర చక్రం. మన చక్రానికి 24 ఆకులు, వాళ్లదానికి 16.

శనివారం ఫోను చేస్తాను. పిల్లవాడు నా పక్కనే ఉంటాడు. హిందీలో ఒకటి నుంచి పది దాకా మెల్లగా చెప్పండి, వాడు వినాలంటున్నాడు.

మీ
అమ్మాయి