సంఘం రిజిస్టర్ కంప్యూటర్‌లోకి: ఆదివారం సంతకాలు

అందరికీ వందనాలు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మన పాలకొల్లు చర్చి సంఘం సభ్యుల రిజిస్టర్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. కాగితం మీద ఉన్నంతకాలం వేరు. కంప్యూటర్‌లోకి ఎక్కితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది.

అందుకే ప్రతి ఒక్కరూ సమ్మతి పత్రం చదివి సంతకం పెట్టాలి. 18 ఏళ్లు నిండని పిల్లలకు అమ్మానాన్నలు పెట్టాలి. ఇష్టం లేనివాళ్లు మానేయొచ్చు. ఇచ్చిన సమ్మతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా. కువైట్, దుబాయ్‌లో ఉన్నవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

ఇంకో మాట. ఒక అక్క ఈ గ్రూప్‌లో ప్రార్థన మనవిలో చెప్పుకున్న జబ్బు సంగతిని ఎవరో స్క్రీన్‌షాట్ తీసి బయటికి పంపారు. ఆవిడ గుడికి రావడమే మానేశారు. నాకు చాలా బాధగా ఉంది. జబ్బులు, ఇంటి గొడవలు, కానుకల లెక్కలు దయచేసి ఈ గ్రూప్‌లో పెట్టకండి. పాస్టర్ గారికి నేరుగా చెప్పండి.

ఆధార్ జిరాక్స్ తేవద్దు, అడగం. పెద్దవాళ్లు కళ్లజోడు తెచ్చుకోండి, పత్రంలో అక్షరాలు చిన్నవి.